అగ్నిమాపక శాలల బొమ్మలు: కొంత చరిత్ర

గ్రంథాలయ రజతోత్సవ సంచికకు చరిత్రకు సంబంధించిన వ్యాస మొకటి వ్రాయవలసినదని కార్యవర్గము వారు కోరినప్పుడు, నేను ఏ రాజవంశమును గూర్చియో కోటను గూర్చియో వ్రాయుదునని వారు తలచియుందురు. నేను వ్రాయబూనినది పిల్ల లాడుకొను బొమ్మలలో నొక తెగను గూర్చి. అవియును మన దేశపు బొమ్మలు కావు. అమెరికా, జర్మనీ, ఇంగ్లండు దేశములలో సుమారు 150 ఏండ్లుగా తయారగుచు వచ్చిన ఫైరింజను బొమ్మలు, వానిని లోపల నిలుపుకొను ఫైరుస్టేషను బొమ్మలు, వానిని వెదకి ప్రోగుచేయు వారి కథ యిది. పెద్దలు బొమ్మలను ప్రోగుచేయుట యేమని నవ్వు వచ్చినచో, సంక్రాంతికో దసరాకో మన యిండ్లలో మెట్లుకట్టి తీర్చు బొమ్మలకొలువును ఒక్కసారి తలచుకొనుడని మనవి. ముత్తవ్వ నాటి బొమ్మను పై మెట్టున నిలిపి, దాని ముక్కు విరిగిన సంగతి ఏటేట చెప్పుకొను జాతి మనది.

ఈ విషయమున నాకు ఆసక్తి కలిగించినది బొమ్మ కాదు, నిప్పు. నా చిన్నతనమున ఒక వేసవి మధ్యాహ్నము మా ఊరి తాటాకుటిండ్ల వరుస యొకటి తగులబడెను. పడమటి గాలి. మగవారు పొలములలో నుండిరి. ఆడువారు చెరువునుండి బిందెలతో వరుసగట్టిరి. పెద్ద లొకరిద్దరు మంటకు ముందున్న యింటి కప్పు పీకివేయించి, నిప్పు పాకు దారిని తెంపిరి. పశువుల కట్లు కొడవళ్లతో కోసి వదలిరి. పట్టణమునుండి ఎర్రని ఫైరింజను గంట మ్రోగించుచు వచ్చుసరికి నిట్రాళ్లు మాత్రమే నిలిచి పొగలు క్రక్కుచుండెను. మరునాటినుండి పిల్లలమంతయు ఆడిన ఆట అదియే. తాటిబుర్రల చక్రముల బండియే ఫైరింజను. దానికి గంట కావలసి ఒకడు కంచు గిన్నె తెచ్చెను. అరటిదూట గొట్టముతో నీళ్లు చిమ్ముచుంటిమి. ఇల్లు కాలిన పిల్లలును ఆ ఆటలో నుండిరి. వారు అందరికంటె శ్రద్ధగా ఆడిరని నాకు గుర్తు. పెద్దలు కసరిరి గాని మేము మానలేదు. ఎన్నో ఏండ్లకు పాశ్చాత్యుల బొమ్మల చరిత్రను చదువుచు, అక్కడి పిల్లలును కాలిన నగరముల నడుమ ఇదే ఆట ఆడిరని తెలిసికొన్నప్పుడు నాకు ఆ కంచు గిన్నె జ్ఞప్తికి వచ్చెను.

బొమ్మను తెలిసికొనుటకు ముందు అది దేనికి బొమ్మయో తెలియవలెను. నిప్పార్పు దళములు ప్రాచీనములే. రోము నగరమున అగస్టసు చక్రవర్తి క్రీ. శ. 6వ సంవత్సరమున రాత్రి కావలి కాయుటకును మంట లార్పుటకును ఒక దళము నేర్పరచెను. 1666లో లండను నగరమున 13 వేలకు పైగా ఇండ్లు కాలిపోయిన పిదప అగ్ని భీమా కంపెనీలు పుట్టి, తాము భీమా చేసిన ఇంటి గోడకు సీసపు బిళ్లలు తగిలించి, తమ సొంత దళములను పెట్టుకొనెను. ఎడింబరోలో 1824లో పురపాలక దళమును తీర్చి, పిదప లండను దళమునకు అధిపతియైన జేమ్సు బ్రైడ్‌వుడ్ 1861లో టూలీ వీథి మంటలలో గోడ విరిగి మీదపడగా మరణించెను. ఇవన్నియు గొప్ప సంగతులే అయినను, బొమ్మ పుట్టినది వీనినుండి కాదు.

అది పుట్టినది అమెరికా పట్టణముల వీథులలో. అక్కడ మొదట నిప్పార్పువారు జీతములేని స్వచ్ఛంద సేవకులు. పేటపేటకొక దళము, దళమునకొక చేతిపంపు, ఒక పేరు, ఒక రంగు. మంట ఆర్పుట కంటె ప్రక్క పేటవారి కంటె ముందు చేరుటయే ముఖ్యమై, నీటి తూము నొద్ద తన్నుకొను వరకు పోయెడివారు. న్యూయార్కు రాజకీయములలో అవినీతికి మారుపేరైన ట్వీడ్ తన పలుకుబడికి పునాది వేసికొన్నది ఇట్టి దళమునందే. 1853 ఏప్రిలు 1వ తేదీన సిన్సినాటి పట్టణము జీతగాండ్రతో, ఆవిరి ఇంజనుతో నిప్పార్పు దళము నేర్పరచెను. 1865లో న్యూయార్కు కూడ ఆ దారినే నడచెను. ఆవిరియంత్రము చాల బరువైనది. దానిని లాగుటకు గుఱ్ఱములు కావలెను. గుఱ్ఱములున్నచో సాల కావలెను, గడ్డి కావలెను, రాత్రింబగళ్లు మనుష్యులుండవలెను. ఇట్లు ఇంజను, గుఱ్ఱములు, మనుష్యులు ఒక్క కప్పు క్రింద కాపురముండు ఇల్లు ఏర్పడెను. అదియే ఫైరుస్టేషను.

ఆ యింటిలోని ఏర్పాట్లు నిజముగా నాటకశాలను తలపించును. 1852లో బోస్టను నగరమున చానింగ్, ఫార్మర్ అను నిద్దరు తంతి మూలముగా అగ్నిసూచన పంపు పద్ధతిని ప్రవేశపెట్టిరి. వీథిలోని పెట్టె మీట లాగినచో శాలలోని గంట లెక్కగా మ్రోగి, ఏ పేటలో మంట పుట్టినదో తెలుపును. గంటతోపాటే గుఱ్ఱపుసాలల తలుపులు వానంతటవియే తెరచుకొనునట్లు చేసిరి. శిక్షితములైన గుఱ్ఱములు ఎవరును పిలువకయే వచ్చి ఇంజను ముందు తమ తమ తావుల నిలిచెడివి. పైకప్పునుండి వ్రేలాడుచున్న జీనుసామగ్రి వాని వీపులపై దిగెడిది. మెడపట్టెడలను ఒక్క నొక్కుతో బిగించెడివారు. ఇదంతయు కొన్ని క్షణముల పని. బాయిలరులోని నీరు చల్లబడకుండ, నేలమాళిగలోని పొయ్యినుండి గొట్టము ద్వారా ఎల్లప్పుడు వేడినీరు ప్రవహించుచుండెడిది. ఇంజను కదలగనే ఆ గొట్టము దానంతటదియే విడిపోవును.

మనుష్యులు పై అంతస్తున పరుండెడివారు. వారు క్రిందికి దిగు స్తంభము కథ తెలిసికొనదగినది. 1871 అక్టోబరులో చికాగో నగరము కాలి, సుమారు 300 మంది చనిపోయి, లక్షమంది నిలువ నీడ లేనివారైరి. ఆ మరుసటి యేడు ఆ నగరమున 21వ నంబరు దళమును నల్లజాతివారితో ఏర్పరచిరి. 1878లో ఆ దళమునకు నాయకుడు డేవిడ్ కెన్యన్. గుఱ్ఱముల గడ్డిమోపులను పైకెక్కించుటకు ఉపయోగించు కొయ్యను పట్టుకొని జార్జి రీడ్ అను ఆ దళపు సేవకుడు గంట మ్రోగగనే జర్రున క్రిందికి జారెను. అది చూచిన కెన్యన్ నేలకు రంధ్రము పెట్టించి నునుపైన కొయ్యస్తంభము నిలిపెను. తక్కిన దళములవారు మొదట నవ్విరట. తరువాత వారందరికంటె ముందుగా మంట నొద్దకు ఈ దళమే చేరుచుండుట చూచి, తామును స్తంభములు పెట్టించుకొనిరి. 1880లో బోస్టనులో ఇత్తడి స్తంభము వచ్చెను. నేడు ఏ దేశపు పిల్లవాని బొమ్మ ఫైరుస్టేషనులోనైనను నిలువున ఒక స్తంభముండక మానదు. అది నల్లజాతి శ్రామికుల తెలివియని ఆ బొమ్మ పెట్టెలపై వ్రాసి యుండదు. పైగా అవే సంవత్సరములలో అమెరికా పోతయినుప బొమ్మల కర్మాగారములు నల్లవారిని వెక్కిరించు వికృతరూపపు డబ్బాల హుండీలను విరివిగా పోతపోసి అమ్మెను. బొమ్మలను ప్రోగుచేయువాడు ఈ రెండును ఒకే బీరువాలో చూడవలసి వచ్చును. బొమ్మ అబద్ధమాడదు, తన్ను చేసినవారి మనస్సును ఉన్నదున్నట్లు చూపును.

ఇక బొమ్మల మాట. అమెరికాలో అంతర్యుద్ధము ముగిసిన పిదప ఇనుప సామానులు చేయు కొలుములకు పని విస్తరించినది. పొయ్యిలు, తలుపు బందులు పోతపోయు ఇసుకలోనే బొమ్మలను కూడ పోయవచ్చునని వారు గ్రహించిరి. పద్ధతి సులభము. మొదట ఇత్తడితోనో కొయ్యతోనో అచ్చు చేయుదురు. తడి యిసుకను పెట్టెలో దట్టించి, అందులో అచ్చు నొత్తి తీసి, ఆ గుంటలో కరగిన ఇనుము పోయుదురు. బొమ్మను కుడి యెడమల రెండు సగములుగా పోసి, నడుమ సీలలు వేసి, కొనలు సుత్తితో సాగగొట్టి కలుపుదురు. పిమ్మట రంగులో ముంచుదురు. బరువైనది, మొండిది, చౌక. పిల్లవాడు మెట్లమీదనుండి దొర్లించినను చక్రమో గుఱ్ఱపు కాలో విరుగునే గాని బొమ్మ పోదు.

కనెక్టికటు రాష్ట్రమున ఎడ్వర్డ్ ఐవ్స్ అనునతడు 1868లో బొమ్మల వ్యాపారము ప్రారంభించి, 1870లో బ్రిడ్జిపోర్టు పట్టణమునకు మార్చెను. అది గడియారములు చేయు సీమ. గడియారపు స్ప్రింగులను, పండ్లచక్రములను ఎరిగిన పనివారు అక్కడ కొల్లలుగా దొరకెడివారు. పోతయినుమును గడియారపు యంత్రమును కలిపి ఐవ్స్ చేసిన వస్తువులలో, 1890 ప్రాంతపు అగ్నిమాపక శాల బొమ్మ నా దృష్టిలో ఆ తెగకంతటికిని తల్లివంటిది. చూచుటకు చిన్న ఇల్లు. లోపల గుఱ్ఱములు కట్టిన ఆవిరి ఇంజను. కీ త్రిప్పి మీట కదల్చినచో గంట మ్రోగును. ద్వారపు రెక్కలు చటాలున తెరచుకొనును. ఇంజను తనంతట తాను బయటికి దూకును. గుఱ్ఱముల క్రింద చిన్న చక్రమొకటి నడిమికి కాక ఒక ప్రక్కకు బిగింపబడి యుండుటచే, బండి పోవుచున్నంతసేపు గుఱ్ఱములు లేచుచు పడుచు దౌడు తీయుచున్నట్లుండును. తక్కిన బొమ్మలలో పిల్లవాడు బండిని త్రోయవలెను. ఇందులో వాడు చేయవలసిన దేమియు లేదు, గంటకొరకు ఎదురుచూచుటయే. నిజమైన శాలలోని జీవితము కూడ నూటికి తొంబది పాళ్లు ఎదురుచూపే గదా! ఆ సంగతిని బొమ్మలోనికి తెచ్చిన పనివాని తెలివికి నమస్కరింపవలసినదే.

న్యూయార్కు రాష్ట్రమున కార్పెంటరు అను మరియొక తయారీదారు ఇంకొక అడుగు వేసి, కాలుచున్న ఇల్లునే బొమ్మగా చేసెను. నిచ్చెన మీదుగా సేవకుడు పైకెక్కి, కిటికీలోని స్త్రీని రక్షించును. పిల్లల చేతికి ఇట్టి బొమ్మ ఇచ్చుట మనకు క్రూరముగా తోచవచ్చును. కాని ఆ కాలపు అమెరికా పట్టణములలో నిప్పు పిల్లలకు కథ కాదు. 1903 డిసెంబరు 30వ తేదీన, క్రిస్మసు సెలవులలో, చికాగోలోని ఇరాక్వా నాటకశాల పగటి ప్రదర్శనలో అంటుకొని 602 మంది చనిపోయిరి. వారిలో పలువురు తల్లులు, పిల్లలు. ఆ యింటింటను పండుగకు కొన్న బొమ్మలుండియే యుండును. భయమును చేతిలోనికి తీసికొని ఆడుకొనగలిగినంత చిన్నదిగా చేయుట బొమ్మ చేయు పనులలో నొకటి. మా తాటిబుర్రల బండియు అదే చేసినదని ఇప్పు డనుకొందును.

ఇక్కడ చరిత్ర ఒక వింత మలుపు తిరిగినది. 1900 డిసెంబరు 22వ తేదీన, క్రిస్మసునకు మూడు దినములు ముందుగా, ఐవ్స్ వారి కర్మాగారమే కాలిపోయెను. గంట మ్రోగగనే తలుపు తెరచుకొను చిన్న అగ్నిశాలలను చేసిన చోటు, తనలోని అచ్చులతోను పనిముట్లతోను బూడిదయయ్యెను. భీమా సొమ్ముతో వారు క్రొత్త కర్మాగారము కట్టి, పాత అచ్చులు లేకపోవుటచేత క్రొత్త సరకు తలపెట్టి, పట్టాలపై నడచు కీ రైలుబండ్లను చేసిరి. ఆ రైళ్లతోనే వారికి తరువాతి కీర్తి కలిగెను. 1928లో సంస్థ దివాలా తీసెను. పోటీ సంస్థలు కొనుక్కొన్న పిదప ఐవ్స్ అను పేరు కూడ కొలది యేండ్లకే మాసిపోయెను.

ఆ తరువాత నలుబది యేండ్ల సంగతి వేగముగా చెప్పుదును. మోటారు వచ్చినది. న్యూయార్కులో కడపటి గుఱ్ఱపు ఇంజను 1922 డిసెంబరు 20న పరుగెత్తెను. చికాగోలో 1923 ఫిబ్రవరిలో. అటు పిమ్మట గుఱ్ఱములు సాలలనుండి పోయెను గాని బొమ్మల అంగళ్లనుండి వెంటనే పోలేదు. ఒహైయోలోని కెంటన్ వంటి సంస్థలు వానిని ఇంకను చాలకాలము పోతపోసెను. పెన్సిల్వేనియాలోని హబ్లీ సంస్థ ముందు భాగమున గుండ్రని గోళమున్న ఆరెన్స్-ఫాక్స్ మోటారు ఇంజనును పోతయినుములో చేసెను. 1921లో పుట్టిన బడ్డీ-ఎల్ సంస్థవారు దళసరి ఉక్కురేకుతో పిల్లవాడు ఎక్కి కూర్చొనదగినంత పెద్ద బండ్లను చేసిరి. జర్మనీలో మార్క్లిన్ మొదలగు సంస్థలు రేకుపై చేతితో రంగులు వేసి, శాలయు దాని వాహనములును జతగా చేసెను. అవి ధనికుల పిల్లలకే.

పేదపిల్లల చేతికి శాలను తెచ్చినవాడు లూయీ మార్క్స్. 1919లో న్యూయార్కున సంస్థ స్థాపించిన ఈయన, రేకుమీద రంగులచ్చు వేసి, దానిని మడచి, చెవులను గాళ్లలో దూర్చి వంచి, బొమ్మలను అత్యల్ప వెలకు అమ్మెను. 1938 ప్రాంతమున ఈయన సంస్థ చేసిన శాలలో గోడల ఇటుకలు, కిటికీలు అన్నియు అచ్చే. లోపల కీ ఇచ్చిన బండి యుండును. నిచ్చెన యెక్కు సేవకుని బొమ్మయు ఈయన సంస్థదే. రేకు అంచులకు వ్రేళ్లు తెగుట, వానలో వదలినచో త్రుప్పు పట్టుట ఈ బొమ్మలకున్న లోపములు. అయినను ఎన్ని యిండ్లలోనికి ఇవి పోయినవో!

యుద్ధకాలమున, 1942లో, అమెరికా ప్రభుత్వము బొమ్మలకు లోహము వాడుటపై ఆంక్ష పెట్టినది. ఆ యేడే ఊరూర పాత ఇనుమును ప్రోగుచేయు ఉద్యమము సాగెను. పిల్లలు తమ అటకలమీది పోతయినుప బండ్లను, తాతలనాటి గుఱ్ఱపు ఇంజనులను తెచ్చి కుప్పలలో పోసిరి. అవి కరగి యుద్ధసామగ్రి యయ్యెను. నేడు ఆ బొమ్మలు అరుదగుటకు పిల్లల విరుపు కంటె ఈ దానము పెద్ద కారణము. దానికి విచారింపవలెనో గర్వింపవలెనో ఆ దేశమువారే చెప్పవలెను. బోస్టనులోని కీస్టోన్ సంస్థ 1920 దశకమున ఉక్కురేకు ఫైరింజనులు చేసినదే. తరువాతి కాలమున చెక్కపొట్టును అదిమి చేసిన బల్లలతో కోటలను, మోటారు కొట్టములను, ఫైరుస్టేషనులను కూర్చి అమ్మెను. లోహము కరవైన దినములకు అవి తగిన సరకు. చెమ్మ తగిలినచో ఉబ్బి పొరలూడును. అందుచేత అవి నేడు నిటారుగా నిలిచియుండి దొరకుట కష్టము.

జర్మనీలోని నూరెంబర్గు రేకుబొమ్మలకు రాజధాని. అక్కడి టిప్ అను సంస్థ అధిపతి ఫిలిప్ ఉల్మన్ యూదుడు. 1933లో హిట్లరు రాజ్యము వచ్చుటతో ఆయన కర్మాగారమును వదలి ఇంగ్లండునకు పోయి, నార్తాంప్టనులో మెట్టాయ్ అను సంస్థ నారంభించెను. 1956లో వచ్చిన కార్గీ బొమ్మమోటారులు ఆ సంస్థవే. జపానులో యుద్ధానంతరము, 1945 డిసెంబరులో, పారవేసిన ఆహారపు డబ్బాల రేకును సాపుచేసి బొమ్మ జీపులు చేసి అమ్మినవారున్నారు. ఆ రేకుపరిశ్రమయే పిదప ప్రపంచమునకు ఫైరింజను బొమ్మల నందించెను. ఆకలితోనున్న దేశము మొదట చేసిన వస్తువులలో బొమ్మ యుండుట నాకు ఎప్పుడును ఆశ్చర్యమే.

డెన్మార్కునందలి బిల్లుండ్ గ్రామపు వడ్రంగి ఓలె కిర్క్ క్రిస్టియన్సెన్ కథను చెప్పక ముందుకు పోలేను. గ్రామస్థులు ప్రత్యేకముగా వినదగినది. 1924లో ఆయన చిన్నకుమారు లిద్దరు కొట్టములో ఆడుకొనుచు చెక్కపొట్టునకు నిప్పంటించిరి. కొట్టము, ఇల్లు రెండును కాలెను. ఆయన మరల కట్టుకొనెను. 1932లో కొయ్యబొమ్మలు చేయ నారంభించెను. 1942లో కర్మాగారము మరల కాలెను, మరల కట్టెను. 1960 ఫిబ్రవరిలో కొయ్యబొమ్మల గిడ్డంగి కాలెను. అప్పటికి అధికారములో నున్నది, 1924లో నిప్పంటించిన ఆ పిల్లలలో నొకడైన గాట్‌ఫ్రెడ్. కొయ్యబొమ్మలు ఇక చేయబోమని ఆయన నిర్ణయించెను. అప్పటినుండి ఆ సంస్థ ప్లాస్టికు ఇటుకలపైననే నిలిచినది. అదియే లెగో. 1950 దశకపు చివరనే వారు ఆ ఇటుకలతో ఫైరుస్టేషను కట్టుకొను పెట్టెను అమ్మిరి. మూడుమారులు కాలిన వంశము చేసిన ఫైరుస్టేషను అది.

ఇక ప్రోగుచేయువారి సంగతి. ఇంజను మిగిలినంతగా శాల మిగులదు. ఇంజనును పిల్లవాడు జేబులో, చంకలో దాచుకొనును. శాల పెద్దది, ఇల్లు మారునప్పుడు తల్లి మొదట పారవేయునది అదే. లోపలి బండి ఒకచోట, శాల యొకచోట దొరకి, రెండును జతయగునా కాదా యని తగవులు సాగును. 1961లో ఇంగ్లండున డింకీ పేర వచ్చిన ప్లాస్టికు ఫైరుస్టేషనుకు కూడ ఇదే గతి. బండ్లు కోకొల్లలు, స్టేషనులు కొద్ది.

నకిలీల బాధ చెప్పనలవి కాదు. పాత బొమ్మనే అచ్చుగా పెట్టి క్రొత్త ఇనుము పోసి, మట్టిలో పాతి త్రుప్పు పట్టించి అమ్మువారున్నారు. పరీక్షకు కొన్ని గురుతులు కలవు. ఇనుము చల్లబడునప్పుడు నూటికి ఒక పాలు కుంచించుకొనును. కావున నకిలీ, అసలుకంటె వెంట్రుకవాసి చిన్నది. పాతదాని ఇసుక సన్ననిది, పై భాగము నున్నగా నుండును, నకిలీది గరుకు. రెండు సగములు కలియు చోట గోరు దూరునంత సందున్నచో అనుమానింపవలెను. మరమేకు తలపై ప్లస్సు గురుతు కనబడినచో అది 1930 దశకమునకు ముందుది కానేరదు. ఆ మేకే అప్పటికి లేదు. మార్చి వేసిన రంగు అతినీలలోహిత కాంతి క్రింద వేరుగా మెరయును. ఇంకొక మాట: పాత రంగులలో సీసముండును. అమెరికాలో 1978లోగాని దానిని నిషేధింపలేదు. కావున అపురూపమని పసివాని చేతికి పాత బొమ్మ నీయరాదు.

వెలల మాట వినినచో మనకు తల తిరుగును. 1870 ప్రాంతమున కనెక్టికటునందలి జార్జి బ్రౌన్ సంస్థ చేసిన "చార్లెస్" అను రేకుబొమ్మ, ఇద్దరు సేవకులు లాగు నీటిగొట్టపు చక్రము, 1991 డిసెంబరు 14న న్యూయార్కు వేలములో 2,31,000 డాలర్లకు పోయెను. గుఱ్ఱములు రాకముందరి స్వచ్ఛంద దళముల కాలమును చూపు బొమ్మ అది. కొనువారు పెట్టెతో సహా, ఎవరును తాకని బొమ్మకు హెచ్చు వెల నిత్తురు. ఈ విషయమున నా అభిప్రాయము వేరు. పెట్టె విప్పని బొమ్మ ఏమి చూచినది? చక్రమరిగి, గంట సొట్టపోయి, సేవకుని ముఖముమీది రంగు బొటనవ్రేలి తాకుడుకు మాసిన బొమ్మలో ఒక పిల్లవాని నాలుగైదేండ్ల జీవితమున్నది. మన గ్రంథాలయములో కూడ అట్టలు చినగని పుస్తకములను చూచి నేను సంతోషింపను. ఇది పట్టిక వ్రాయువారికి నచ్చదని ఎరుగుదును.

ఐవ్స్ శాలలలో నిలిచియున్నవానికి కీ ఇచ్చుటకు చాలమంది జంకుదురు. నూరేండ్లు దాటిన స్ప్రింగు విరిగినచో దానికి సాటి దొరకదు. అందుచేత అద్దపు బీరువాలో తలుపులు మూసికొని, లోపల ఇంజను గంటకొరకు ఎదురుచూచుచునే యుండును.

మన దేశమున నిప్పార్పువారి దినము ఏప్రిలు 14. 1944లో ఆ దినమున బొంబాయి రేవులో ఫోర్టు స్టికిన్ అను నోడ, ప్రత్తిబేళ్లును మందుగుండును ఒక్కచోట నింపుకొనియున్నది, నిప్పంటుకొని పేలెను. దానిని ఆర్పుటకు పోయిన సేవకులలో 66 మంది మరణించిరి. వారి స్మృతిగా ఏటేట ఆ వారమంతయు ఊళ్లలో ప్రదర్శనలు జరుగును. ఒక యేడు మా ఊరి బడికి కూడ ఫైరింజను వచ్చెను. సేవకులు గొట్టము విప్పి నీళ్లు చిమ్మి చూపి, గ్యాసు బండకు మంట లేచినప్పుడు తడి గోనె ఎట్లు కప్పవలెనో నేర్పిరి. ముగిసిన పిదప ఒక పిల్లవాడు ఇంజను చుట్టును రెండుమారులు తిరిగి, గంట ఎక్కడనున్నదని అడిగెను. ఇప్పుడు గంట లేదని, సైరను మాత్రమేనని సేవకుడు చెప్పెను. పిల్లవాడు కొంచెము చిన్నబోయి, మరల వచ్చి, సైరనే ఒకసారి మ్రోగింపుమని కోరెను. సేవకుడు నవ్వి, వానిని ఎత్తి లోపల కూర్చుండబెట్టి, మీట చూపెను.